సుద్దగీతకు అటూ ఇటూ

పోయిన వారం మా ఆడపిల్లల మంచం మధ్యన పడ్డ పొడుగు దిండు దగ్గర ఆపాను. అది చదవనివాళ్ళు ఉంటారు, చదివి మరిచినవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

నేను యూలాలీ త్రుబేర్‌ని. బాతిన్యోల్ పేటలో ఇస్త్రీ చేసుకుని బతికే విధవను. మా ఆయన ఇళ్ళ కప్పులు వేసేవాడు, ఒక వానరోజు కప్పు మీద నుంచి జారాడు. ఆ రోజు నుంచి నాకు ఎవరు గడప దాటినా తిరిగి రారనే అనిపిస్తుంది. పెద్దది ఒనొరీన్ క్లిషీ రేవులో బట్టలుతికే పడవ మీద పనిచేస్తుంది. చిన్నది ఇర్మా నా పక్కనే ఇస్త్రీపెట్టె పడుతుంది. దానికి జూన్‌లో పెళ్ళి. పెళ్ళికొడుకు బాస్త్యాన్ ఒనొరీన్ పనిచేసే పడవ మీదే తడిమూటలు మోస్తాడు. మోసి మోసి అతని కుడిభుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ఫొటో తీయిస్తే వంకరగా వస్తాడేమోనని నా బెంగ.

ఈ ఏడు, ఈస్టర్ ముందు ఉపవాసాలుండే తపస్సుకాలం నడిమి గురువారం పండగ నాడు పడవవాళ్ళు ఒనొరీన్‌ని తమ రాణిగా ఎన్నుకున్నారు. ప్రతి రేవుకీ ఒక రాణి, తెల్లగౌను, బంగారు కాగితం కిరీటం, వీధుల్లో ఊరేగింపు. ఆ ఊరేగింపులో చిత్రకారుడు వెర్దెలే గారు దాన్ని చూశారు. తొమ్మిదేళ్ళుగా ఆయన కాలర్లకు గంజి పెట్టేది నేనే. పిల్లలిద్దర్నీ గురువారం గురువారం పంపమన్నారు, పంపాను. రాణి వేషంలో పెద్దది నిలబడి ఉంటే, చిన్నది మోకాళ్ళ మీద కూర్చుని పెదాల మధ్య మూడు గుండుసూదులు పెట్టుకుని అక్క గౌను అంచు సరిచేస్తున్నట్టు బొమ్మ వేశారు.

ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నేను చేసిన నిర్వాకం కూడా మీకు చెప్పాను. ఇర్మా గడ్డం కింద ఊదారంగు మచ్చలు కనిపించేసరికి నా గుండె జారిపోయింది. పిల్లకు ఏదో విషజ్వరం లోపల లోపల ముదురుతోంది, రోజూ చూసే నాకు తెలియలేదు, ఆయనకు తెలిసింది అనుకున్నాను. మూడు రోజులు మంచం దిగనివ్వకుండా కషాయాలు తాగించాను. చివరికి వెర్దెలే గారే వచ్చి, అది రోగం కాదు త్రుబేరమ్మా, నీడ, ఎండలో నీడ ఆ రంగులోనే ఉంటుంది అని చెప్పి వెళ్ళారు. వీధి వీధంతా నవ్వింది. అప్పట్నుంచి బొమ్మల విషయంలో నా కళ్ళకు ఏం కనిపించినా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇక దిండు సంగతి. చేతితొడుగుల వ్యాపారి గారాన్సియే గారు ఆ బొమ్మ చూసి మనసు పారేసుకున్నారు. కానీ ఆయనకు కావలసింది మోకాళ్ళ మీద కూర్చున్న పిల్ల ఒక్కతే. రాణి అక్కర్లేదట. బొమ్మను నిలువునా కోసి చిన్నదాని వైపు ఇమ్మన్నారు. ఆ కబురు వచ్చిన రాత్రే ఒనొరీన్ మంచం మధ్యన పొడుగు దిండు పెట్టింది. పదకొండు రోజులు చెల్లెలితో మాట లేదు. పదకొండో రోజున నాతో, "కొయ్యమని చెప్పమ్మా. నా వైపు ముక్క నాకు ఇచ్చెయ్యమను. ఇవ్వనన్నారో, నేను ఈ ఇంట్లో ఉండను," అంది.

అక్కడ ఆపాను.

కోత మర్నాడే, గురువారం ఉదయం పదింటికి. ముగ్గురం బయల్దేరాం. వీధి మలుపులో కూరగాయల బండి దగ్గర గుస్సే వాళ్ళావిడ నిలబడి ఉంది. వాళ్ళమ్మాయిని ఏ చిత్రకారుడూ పిలవలేదు, ఆ మంట ఆవిడకు చాలా రోజులుగా ఉంది.

"ఏం త్రుబేరమ్మా, పిల్లల్ని కోయించడానికేనా? మాంసం కొట్టు ఇటు కదా, అటు పోతారేం?"

"మీ అమ్మాయిని కోస్తే రెండు ముక్కలకీ గిరాకీ ఉండదులెండి," అన్నాను. అనగానే భయమేసింది. నోటి దురుసుకు దేవుడు ఏదో ఒకటి చూపిస్తాడు. పోయిన ఏడు ఒకావిడను అలాగే అన్నాను, ఆ వారమే నా పొయ్యి గొట్టం ఊడిపడింది.

వెర్దెలే గారి గది నాలుగో అంతస్తులో. మెట్లు ఇరుకు, నడుమ అరిగి గుంటలు పడ్డాయి. ఇర్మా ముందు, నేను నడుమ, ఒనొరీన్ వెనక. కింద నుంచి ఒనొరీన్ అంది:

"అమ్మా, ముందు పోయేవాళ్ళని గౌను కాస్త ఎత్తి పట్టుకోమను. బొమ్మలోకి ఎక్కినంత మాత్రాన మెట్లన్నీ తనవే అనుకోవద్దను."

పై నుంచి ఇర్మా: "అమ్మా, వెనకొచ్చే మహారాణిగారిని కాస్త ఎడంగా నడవమను. కిరీటం పడిపోతుందేమో."

"ఇద్దరూ కమ్మీ పట్టుకుని ఎక్కండి. ఇక్కడ పోయిన చలికాలం ఒకాయన పడి నడుం విరగ్గొట్టుకున్నాడు," అన్నాను. నిజానికి ఎవరూ పడలేదు. పడితే అన్న ఆలోచనతో నేనే కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను.

పెద్దదానికి చిన్నదంటే ఓర్వలేనితనం ఇవాళ్టిది కాదు. ఇర్మాకు బాప్తిస్మం ఇప్పించిన రోజు చర్చి నుంచి ఇంటికొచ్చి చూస్తే ఉయ్యాలలో నాలుగేళ్ళ ఒనొరీన్ మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. ఎంత లాగినా రాదు. 'ఇది నాది, దాన్ని నేల మీద పడుకోబెట్టు' అంది. అప్పుడు నవ్వుకున్నాం. అసూయ గంజి లాంటిది. కాస్త ఉంటే మనిషి నిటారుగా నిలబడుతుంది. ఎక్కువైతే మడత పెట్టిన చోటల్లా పగులుతుంది. నా పెద్దది ఎక్కడ పగులుతుందోనని పద్దెనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నాకూ లోపల ఒక మూల కుళ్ళు ఉంది. పిల్లల మీద కాదు, వెర్దెలే గారి మీద. నా కడుపున పుట్టినవాళ్ళను నాకంటే బాగా చూసిన కళ్ళు ఆయనవి. ఇర్మా మెడ అలా వంగుతుందని, ఒనొరీన్ నిలబడినప్పుడు ఒక మడమ మీదే బరువు వేస్తుందని ఆయన చూపిస్తే గానీ నాకు తెలియలేదు. తల్లిని నేను. ఆ ఊదారంగు నీడ కూడా నేను ముందు చూసి ఉండవలసింది.

గది తలుపు తెరిచే ఉంది. గారాన్సియే గారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పొట్టి మనిషి, శుభ్రమైన మనిషి. ఒళ్ళో సన్నని డబ్బా ఒకటి. నేను ఆయన కంటపడగానే ఆయన చూసింది నా మొహం కాదు, చేతులు. చటుక్కున చేతులు శాలువాలోకి దాచుకున్నాను. ముప్పై ఏళ్ళు ఇస్త్రీపెట్టె పట్టిన చేతులు అలాంటి మనిషి చూడవలసినవి కావు.

బొమ్మ గది నడుమ నిలబెట్టి ఉంది. ఎడమ వైపు నా చిన్నది. సూదులు కరిచిన పెదాలు, వంగిన మెడ, అంచును రెండు వేళ్ళతో సుతారంగా పట్టిన కుడిచెయ్యి. కుడి వైపు నా పెద్దది, కిరీటంతో, కిటికీ వైపు చూస్తూ. ఎడమచెయ్యి వెనక్కి గోడకు ఆనించి ఉంది. దాని పక్కన అంతా నీలం గోడ. ఆ గోడ అంత వెడల్పుగా, అంత ఖాళీగా ఎందుకుందో నాకు మొదట్నుంచీ అర్థం కాలేదు. మిగతా చోట రంగు రొట్టె మీద వెన్న రాసినంత ఉంటే, అక్కడ మాత్రం గోడకు సున్నం పూసినట్టు మందంగా ఉంది. సరే, నాకెందుకు, నోరు విప్పనని ఒట్టు ఉంది కదా.

వెర్దెలే గారు సుద్దముక్క తీసుకున్నారు. గౌను మడతల మీదుగా పై నుంచి కింది దాకా ఒక గీత గీశారు. కిందికొచ్చేసరికి గీత కుడికి వంగి రాణిగారి మోకాళ్ళ మీదుగా పోయింది. అంచు చిన్నదాని వైపు పడింది, పాదాలూ అటే పోయాయి.

"నాకు కాళ్ళు లేకుండా చేశారు," అంది ఒనొరీన్.

"పెళ్ళిళ్ళలో నాట్యం చెయ్యక్కర్లేదులేమ్మా దానికి," అంది ఇర్మా నాతో, పొయ్యి వైపు చూస్తూ.

"అమ్మాయీ, నీ ముక్క గురించి బెంగ వద్దు," అన్నారు వెర్దెలే గారు ఒనొరీన్‌తో. "మంచి గుడ్డ. గీకేసి దాని మీద ఇంకోటి వేస్తాను. నీకు కావాలంటే నీ మొహం ఒక్కటీ చిన్నగా మళ్ళీ వేసిస్తా."

ఒనొరీన్ రెండంగల్లో బొమ్మకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"గీకొద్దు. ఒక్క వెంట్రుకంత కూడా గీకొద్దు. ఉన్నది ఉన్నట్టు నాకివ్వండి. మొహం ఒక్కటే కాదు, గోడతో సహా."

"గోడ ఏం చేసుకుంటావే?" అన్నాను.

"నా ఇష్టం. నా వెనక ఉన్న గోడ నాది."

ఆ గొంతు విని గారాన్సియే గారు కూడా తలెత్తి చూశారు. ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పెడుతుంది, చెల్లెలి ఎదురుగా కాలుస్తుంది అనుకున్నాను నేను. మంటలు లేస్తాయి, పరదా అంటుకుంటుంది, పై అంతస్తు ముసలాయన నిద్రలో ఉంటాడు. అంత దూరం పోయింది నా ఆలోచన.

"అయ్యా, మీకో మాట అడగొచ్చా?" అన్నాను గారాన్సియే గారితో. "రాణిని వదిలేసి పనిమనిషిలా కూర్చున్నదాన్ని అడుగుతున్నారేం? ఇద్దరూ నా పిల్లలే. రెండు కళ్ళలో ఏ కన్ను కావాలంటే నేనేం చెప్పను?"

ఆయన మర్యాదగా లేచి నిలబడ్డారు. "అమ్మా, రాణి నన్ను చూడటం లేదు, కిటికీ వైపు చూస్తోంది. ఈ పిల్ల కూడా నన్ను చూడటం లేదు. కానీ ఈ పిల్ల నేను గదిలోకి వచ్చినా తల ఎత్తదు. తన పని తనది. నా ఇంట్లో ఒక్క మనిషైనా అలా ఉంటే బాగుండునని." డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఇంకోటి కూడా ఉంది, దాచడం ఎందుకు. మా ఎదురింటి పంచదార మిల్లాయన దగ్గర వెర్దెలే గారి మనుషుల బొమ్మలు నాలుగున్నాయి. భోజనాల గదిలో వరసగా. ఒకామె జుట్టు దువ్వుకుంటూ, ఒకామె ఉత్తరం చదువుతూ. ఆయనింట్లో భోంచేసిన ప్రతిసారీ నాకు ముద్ద దిగదు."

వెర్దెలే గారు గడ్డంలో నవ్వారు. "చెట్లూ నీళ్ళూ కొన్నవాడు ఇంటికి పోయి హాయిగా నిద్రపోతాడు త్రుబేరమ్మా. మనిషి బొమ్మ కొన్నవాడికి నిద్ర ఉండదు. పక్కవాడి గోడ మీద ఇంకో మనిషి ఉంటుంది కదా. నా రొట్టెల బుట్ట నిండేది ఆ నిద్ర పట్టనివాళ్ళ వల్లే."

"నిజమే," అన్నారు గారాన్సియే గారు ఏ మాత్రం సిగ్గుపడకుండా. "అయితే ఆయన నలుగురిలో ఎవరికీ ఈ చెయ్యి లేదు. ఈ చెయ్యి చూసే నేను కొంటున్నాను. నిద్రపట్టని రోజు ఈ చేతికి తొడుగు కత్తిరించి కుట్టించాను కూడా."

డబ్బా తెరిచారు. లోపల పల్చటి కాగితంలో లేత గోధుమరంగు తొడుగులు, మేకపిల్ల తోలు. అంత మెత్తనివి నేను ఉతికిన బట్టల్లో కూడా చూడలేదు. ఇర్మా మొహం వెలిగిపోయింది. పెళ్ళి నాటికి తొడుగులు లేవని అది లోలోపల బాధపడుతున్న సంగతి నాకు తెలుసు. చెయ్యి చాపేముందు అది ఒక్కసారి అక్క వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళ కళ్ళల్లో ఇంకో గరిటెడు పోసినట్టుంది.

ఆయన దాని చేతిని తన అరచేతిలో పెట్టుకుని తొడుగు ఎక్కించారు. ఒక్కో వేలూ మెల్లగా కిందికి నొక్కారు. నొక్కుతున్నకొద్దీ ఆయన కనుబొమలు దగ్గరపడ్డాయి. వేళ్ళ చివర తోలు ఖాళీగా వంగింది. బొటనవేలి దగ్గర ముడత పడింది.

"వదులు," అన్నారు.

"ఫరవాలేదండీ, నాకు బాగానే ఉంది," అంది ఇర్మా. తియ్యబోతే గుప్పిట మూసింది.

"నీకు బాగుండొచ్చు పాపా. నాకు కాదు. ముప్పై ఏళ్ళుగా బండిలో పోయే ఆడవాళ్ళ చేతులు చూసి కొలత చెప్పి పందేలు గెలిచాను. బొమ్మలోది ఆరున్నర. నీది ఆరుకు పావు తక్కువ. ఆ బొటనవేలు బయటికి విల్లులా వంగుతుంది, నీది తిన్నగా ఉంది." ఆయన బొమ్మ వైపు తిరిగారు, మళ్ళీ ఇర్మా వైపు. "ఇది నీ చెయ్యి కాదు."

ఇర్మా చెయ్యి వెనక్కి లాక్కుంది.

నాకు తెలుసు. బొమ్మ పూర్తయ్యాక రెండోసారి చూసినప్పుడే ఆ బొటనవేలు పోల్చాను. ఆ వంపు మా అమ్మది, నన్ను దాటిపోయి ఒనొరీన్‌కు వచ్చింది. కానీ నీడను చూసి రోగమనుకున్నదాన్ని, వేలు చూసి ఎవరిదో అంటే మళ్ళీ వీధి నవ్వదా? నా కళ్ళకే ఏదో జబ్బు వస్తోందేమో, గుడ్డిదాన్నైపోతే ఇస్త్రీ ఎలా అని భయపడ్డానే గానీ, కళ్ళు సరిగ్గానే చూశాయని అనుకోలేదు.

"నా చెయ్యే. అన్ని గురువారాలు కూర్చున్నాను. మోకాళ్ళు కాయలు కాశాయి. నా చెయ్యి కాకపోతే ఎవరిది?" అంది ఇర్మా. దాని గొంతులో ఏడుపు అప్పుడే మొదలైంది.

వెర్దెలే గారు సుద్ద వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నారు. నేను ఉతికి గంజి పెట్టిన చొక్కాకే. "చేతులు ఎప్పుడూ చివరే వేస్తాను అమ్మాయీ. ఈస్టర్ తరవాతి గురువారం. ఆ వారమే కదా నువ్వు ఇస్త్రీపెట్టెకు చెయ్యి కాల్చుకుంది? కట్టు కట్టిన చెయ్యిని ఏం చెయ్యను, వెలుగు మారిపోతోంది. మీ అక్కను కూర్చోమన్నాను. కూర్చుంది. అందరం అలాగే చేస్తాం. ఒకరి మెడ, ఒకరి చెయ్యి. బొమ్మకు ఎవరిదని ఉండదు."

"బొమ్మకు ఉండదేమో," అంది ఇర్మా. తొడుగు తీసి డబ్బాలో పెట్టింది. తియ్యడంలో ఒక్కో వేలూ లాగుతుంటే చూడలేకపోయాను. "మోకాళ్ళు నావి, నొప్పి నాది. ఆయనకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం అక్కది. చూశావామ్మా. నాలో ఎవరికైనా ఏదైనా నచ్చిందంటే, అది దాని దగ్గర్నుంచి వచ్చిందే అయ్యుండాలి."

అప్పుడు నేను ఒనొరీన్ మొహం చూశాను. గెలిచిన మొహం ఉంటుందనుకున్నాను. పదకొండు రోజులుగా అది కుళ్ళిపోయింది దీని కోసమే కదా. కొనేవాడికి నచ్చింది తన చెయ్యే అని ఇప్పుడు అందరికీ తెలిసింది. తల ఎగరెయ్యాలి. ఒక మాట విసరాలి. కానీ దాని మొహం క్షారపు నీళ్ళలో మూడు సార్లు ముంచిన గుడ్డలా తెల్లబోయి ఉంది.

ఈ సంగతి దానికి మొదట్నుంచీ తెలుసు. దిండు పెట్టిన రాత్రే, 'ఆ పిల్లకు వేసిన చెయ్యి నాదే' అని ఒక్క మాట అంటే చాలు, దిండు అక్కర్లేకపోయేది. ఎందుకనలేదు?

ఈస్టర్ తరవాతి గురువారం. నేను లెక్క చూసుకున్నాను. ఇర్మా చేతికి వెన్న రాసి కట్టు కట్టి పడుకోబెట్టిన రోజు. ఒనొరీన్ పొద్దున్నే, పడవ మీద రెండు పూటలూ పని ఉంది, హోటల్ దుప్పట్లు వచ్చాయని చెప్పి వెళ్ళింది. పొద్దుగూకే వేళకు వచ్చినప్పుడు దాని జుట్టులో రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన. రేవు చలికి ఛాతీ పట్టేసి మందు రాసుకుందేమో, నాకు చెప్పకుండా దాస్తోందేమో, ఊపిరితిత్తులే అయ్యుంటాయని వారం పాటు దాని దగ్గు కోసం చెవులు రిక్కించాను. దగ్గు రాలేదు.

"ఆ గురువారం రెండు పూటలూ పడవ మీద ఉన్నానన్నావు కదే," అన్నాను.

"ఒక పూట వచ్చానులే. ఇప్పుడదేం గొడవ? కొయ్యండి. గీత గీశారు కదా, కొయ్యండి."

"నిదానం, నిదానం," అన్నారు గారాన్సియే గారు. వ్యాపారి గొంతు వచ్చేసింది ఆయనకు. "చెయ్యి మార్చారన్నమాట. ఇంకేం మార్చారో చూడకుండా ఎలా కోయిస్తాను? వెర్దెలే గారూ, కోపం తెచ్చుకోకండి. అతుకు వేసిన తోలును ఎదురుగా పెట్టి చూస్తే తెలియదు. ఏటవాలుగా వెలుగులో పెట్టి చూడాలి. నాకు ఎవరూ అతుకు తోలు అమ్మలేదు ఇంతవరకు."

"చూసుకోండి. చూస్తే బొమ్మ అరిగిపోదు," అన్నారు వెర్దెలే గారు.

"వద్దు," అంది ఒనొరీన్.

ఎవరూ దాని మాట వినలేదు, నేను తప్ప. ఇద్దరు మగవాళ్ళూ బొమ్మను ఎత్తి కిటికీ దగ్గరకు తీసుకుపోయారు. కిటికీ పక్క గోడకు అడ్డంగా నిలబెట్టారు. ఎండ బొమ్మకు ఎదురుగా కాకుండా దాని చెంప మీద నుంచి రాసుకుంటూ పోయింది. నేను వెనకే వెళ్ళాను. ఇర్మా పొయ్యి దగ్గరే ఉంది, వీపు మాకు పెట్టి, ముక్కు తుడుచుకుంటూ.

ఏటవాలు వెలుగులో నా పిల్లలు ఇద్దరూ మాయమయ్యారు. రంగులు పోయి గట్లూ గుంటలూ మిగిలాయి, దున్నిన చేను లాగా. గారాన్సియే గారు చెయ్యి దగ్గర చూశారు. "ఇక్కడ కొత్తగా పూసిందేం లేదు. ఒక్క ఊపులో వేశారు." తృప్తిగా తల ఊపారు. తరవాత ఆయన చూపు కుడి వైపుకు జరిగింది, నీలం గోడ మీదికి. వేలు పెట్టి గాలిలోనే రాసినట్టు కదిపారు.

"ఇదేమిటి? ఇక్కడ ఎవరో ఉన్నారు."

"ఉండేవాడు," అన్నారు వెర్దెలే గారు ఆవులిస్తూ. "రాణి పక్కన ఒక మగవాడు. చిన్నమ్మాయి లేని వేళల్లో మూడు గురువారాలు నిలబడ్డాడు పాపం. బాగానే వచ్చాడు కూడా. కానీ ఆడవాళ్ళ పక్కన మగవాడున్న బొమ్మ నాదగ్గర ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఎవరికీ చూపకుండానే పైపైన గీకి గోడ పూశాను. మీరే చెప్పండి, వాడు ఉండగా మీరు కొనేవారా?"

గారాన్సియే గారు నిజాయితీగా ఆలోచించారు. "లేదు. వాడు నిలబడ్డ చోట నేను నిలబడాలి కదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన వేలు ఇంకా గట్ల వెంట పోతూనే ఉంది. ఇదిగో టోపీ అంచు, ఇదిగో చెవి, ఇదిగో మెడ. మెడ దగ్గర నుంచి వేలు కిందికి దిగింది. ఎడమ భుజం మీద ఆగి, కుడి భుజం మీదికి వచ్చింది. వచ్చి, ఇంకా కిందికి జారింది. రెండు వేళ్ళు కిందికి, తడిమూటలు మోసే భుజంలా.

నాకు ముందు ఏమీ అనిపించలేదు. ఎప్పుడూ లేనిదాన్ని ఊహించుకుని వణికే నాకు, ఎదురుగా ఉన్నదాన్ని చూసి వణుకు రాలేదు. వేలు ఆగిన చోటును చూస్తూ నిలబడ్డాను. తరవాత ఒనొరీన్ ఎడమచెయ్యి చూశాను, గోడకు ఆనించి ఉందని ఇన్నాళ్ళూ నేననుకున్న చెయ్యి. అది గోడకు ఆనలేదు. ఆ గట్ల మీద, చొక్కా గుండీల వరస ఉండవలసిన చోట, గుండెకు ఆనింది. కూలికి నిలబడ్డ మనిషి గుండెకు ఆనినట్టు లేదు.

గోడతో సహా నాకివ్వండి, అంది. ఒక్క వెంట్రుకంత కూడా గీకొద్దు.

పొయ్యిలో పెట్టడానికి కాదు. చెల్లెలి మీద ఓర్వలేక కాదు. ఆ సుద్దగీతకు ఇటు వైపు ఉన్న ఇద్దరినీ అది ఇంటికి తీసుకుపోదామనుకుంది. ఒకరు కనిపిస్తూ, ఒకరు కనిపించకుండా. జూన్‌లో చెల్లెలి పెళ్ళి జరిగిపోయాక, ఆ ముక్క దాని మంచం తల వైపు ఉండేది. నేను వారానికోసారి దాని మీద దుమ్ము దులిపేదాన్ని.

"ఎవరండీ అది? నన్నూ చూడనివ్వండి," అంది వెనక నుంచి ఇర్మా. ముక్కు చీదుకున్న గొంతు, కానీ ఏడుపు తగ్గింది. కొత్త వింత ఏదైనా ఉందంటే దాని ఏడుపు ఆగుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. దాని చెప్పులు చెక్కనేల మీద టకటకలాడుతూ దగ్గరికొచ్చాయి.

నేను తిరిగి, బొమ్మకు వీపు పెట్టి నిలబడ్డాను. శాలువా రెండు చేతులా పట్టుకుని విప్పాను, ఎండకు ఆరబెట్టుకున్నట్టు. లావుగా ఉన్నానని మెట్లెక్కేటప్పుడల్లా ఏడ్చుకునేదాన్ని, ఆ క్షణాన ఇంకో మూరెడు వెడల్పు ఇవ్వవా తల్లీ అని మరియమ్మను వేడుకున్నాను.

"ఏం లేదే. ఏదో పాత రంగు. పద, ఇంటికి పోదాం, కుంపటి మీద సూప్ పెట్టి వచ్చాను, మాడిపోతుంది."

"సూప్ పెట్టలేదమ్మా నువ్వు. పొద్దున నేనే కుంపటి ఆర్పాను. పక్కకు జరుగు."

"జరగను."

అది నన్ను చూసింది. తరవాత నా భుజం మీదుగా అక్క వైపు చూసింది. ఇర్మా పిచ్చిది కాదు. నెమ్మదిది, అంతే.

"అమ్మా, ఎందుకు వణుకుతున్నావు? ఎవరున్నారక్కడ?"

గారాన్సియే గారి వేలు ఆ భుజం మీదే ఉండిపోయి ఉంటుంది, నాకు కనిపించలేదు. నాకు కనిపించిందల్లా ఒనొరీన్. కిటికీ పక్కకు వచ్చి, వెలుగులో, ఒక మడమ మీదే బరువు వేసి నిలబడింది, సరిగ్గా బొమ్మలో నిలబడ్డట్టు. పదకొండు రోజుల తరవాత మొదటిసారి నా నోటి మీదుగా కాకుండా, నేరుగా చెల్లెలితో మాట్లాడింది.

"అమ్మని అడక్కు ఇర్మా," అంది. "నన్నడుగు."